బయాథ్లాన్ వేసవిలో మొదలుపెట్టాలా, మంచు పడేదాకా ఆగాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. వయసు 38, వెర్మాంట్ రాష్ట్రంలో బర్లింగ్టన్ దగ్గర హెచ్-1బీ మీద ఉద్యోగం. హాఫ్ మారథాన్‌లు మూడు పరిగెత్తారు. స్కీలు ఎప్పుడూ కట్టలేదు. తుపాకీ అంటే ఇంటర్లో ఎన్‌సీసీ క్యాంపులో పట్టుకున్నదే. పన్నెండేళ్ళ మీ అమ్మాయి ఒలింపిక్స్ చూసిన దగ్గర్నుంచి బయాథ్లాన్ (స్కీల మీద పోతూ మధ్యమధ్య ఆగి రైఫిల్ కాల్చే ఆట) అని పట్టుబట్టింది. ఇక్కడి జెరికో ఊళ్ళో జరిగే వేసవి రేసులకి ఇప్పుడే రావాలా, మంచు పడేదాకా ఆగాలా? రైఫిల్ కొనాలా?

ఇప్పుడే రండి. రైఫిల్ కొనకండి. కానీ ఈ రెండిటికంటే ముందు మీ వీసా సంగతి తేల్చుకోండి. ఇది మనవాళ్ళలో చాలామందికి తెలియదు, క్లబ్బుల వాళ్ళకి కూడా ప్రతిసారీ తట్టదు. అందుకని మొదట అదే చెప్తాను.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండకూడదు. సొంతంగా కొనుక్కోవడం సంగతి అలా ఉంచండి, క్లబ్బు రైఫిల్ని రేంజిలో (కాల్పుల మైదానంలో) పావుగంట చేతిలో పట్టుకున్నా అది ‘దగ్గర ఉండటం’ కిందికే రావచ్చు. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. మనలాంటి వాళ్ళకి పనికొచ్చేది ఒకటే: అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్. వెర్మాంట్‌లో మొదటిసారి అది కావాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చెయ్యాలి. నేను హెచ్-1బీ మీద ఉన్న రోజుల్లో అదే చేశాను. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా వండరు. అలాంటి ఇంట్లో ఫ్రిజ్ మీద వేట లైసెన్స్ అయస్కాంతంతో వేలాడుతుండేది, రేంజికి వెళ్ళే రోజు మాత్రం నా జేబులోకి వచ్చేది. మా అత్తగారు వచ్చినప్పుడు అదేమిటని అడిగితే ‘డ్రైవింగ్ లైసెన్స్ లాంటిదే’ అని దాటేశాం.

గ్రీన్ కార్డ్ వచ్చాక ఈ గొడవ లేదు. మీ అమ్మాయి ఇక్కడే పుట్టిందైతే తనకి ఈ నిషేధం లేదు, హెచ్-4 అయితే ఉంది. నేను లాయర్ని కాదు. మీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి ఒక మెయిల్ రాసి, జవాబు చేతికొచ్చాకే రేంజిలో రైఫిల్ ముట్టుకోండి. ఈలోగా ఖాళీగా కూర్చోనక్కర్లేదు. ఎయిర్ రైఫిల్ ఫెడరల్ చట్టం లెక్కలో తుపాకీ కిందికి రాదు, పిల్లలతో చాలా క్లబ్బులు దాంతోనే మొదలుపెట్టిస్తాయి.

ఇక అసలు విషయం. ఇండియాలో చెప్తే బయాథ్లాన్ అంటే ఈతా పరుగూ అనుకుంటారు. ఇది వేరు. చలికాలంలో స్కీ, మధ్యలో ఆగి, ఒకసారి పడుకుని, ఒకసారి నిలబడి, 50 మీటర్ల దూరంలో ఉన్న అయిదు టార్గెట్లని అయిదు తూటాలతో పడగొట్టడం, మళ్ళీ స్కీ. తప్పిన ప్రతి తూటాకీ 150 మీటర్ల పెనాల్టీ లూపు తిరగాలి. ఇండివిడ్యువల్ అనే పాత తరహా రేసులో మాత్రం లూపుకి బదులు టైముకి ఒక నిమిషం కలుపుతారు. వేసవిలో స్కీ బదులు పరుగు, లేదా చక్రాలున్న రోలర్ స్కీలు.

ఈ ఆటలో నేర్చుకోవాల్సినవి రెండు. రెండూ ఒకేసారి మొదలుపెడితే రెండూ రావు. మీకు పరుగు వచ్చు కాబట్టి వేసవిలో మీకు కొత్తది ఒక్కటే, గురి. డిసెంబర్లో వస్తే స్కీలు కొత్త, రైఫిల్ కొత్త, చలికి వేళ్ళు చెప్పినట్టు వినకపోవడం కొత్త. ఒక్కో ఋతువులో ఒక్కటే కొత్తగా ఉండేట్టు చూసుకోండి. వెర్మాంట్‌లోనే పుట్టి పెరిగిన సూసన్ డంక్లీ కాలేజీ అయ్యేదాకా స్కీయరే, తుపాకీ ఆ తరవాత పట్టింది. 2017లో ఆస్ట్రియాలోని హోక్‌ఫిల్జెన్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో, అందరూ ఒకేసారి బయల్దేరే మాస్ స్టార్ట్‌ రేసులో వెండి పతకం తెచ్చింది. అమెరికా మహిళల్లో వ్యక్తిగత విభాగంలో అదే మొదటి ప్రపంచ పతకం. ఆవిడకి స్కీ ముందు, మీకు గురి ముందు. వరస ఏదైనా పరవాలేదు, ఒకదాని తరవాత ఒకటి అన్నదే లెక్క.

నేను ఇది పాటించలేదు. ఎసెక్స్ జంక్షన్‌కి వచ్చిన రెండో ఏడాది, డిసెంబర్లో నాలుగంటే నాలుగు స్కీ పాఠాలు తీసుకుని జనవరిలో కొత్తవాళ్ళ రేసులో నిలబడ్డాను. రేంజి దాకా వచ్చేసరికి మూడుసార్లు పడ్డాను. కళ్ళద్దాల నిండా ఆవిరి. మ్యాట్ మీద పడుకుని అయిదూ కాల్చాను, ఒక్క టార్గెట్టూ పడలేదు. వెనక నిలబడ్డ వాలంటీర్ వంగి, నవ్వు ఆపుకుంటూ, ‘బాగా కాల్చావు, కానీ పక్క లేన్లో’ అన్నాడు. పక్క లేన్లో అప్పుడు ఎవరూ లేరు, అక్కడ మూడు టార్గెట్లు శుభ్రంగా పడిపోయి ఉన్నాయి. నా లెక్కలో మాత్రం అయిదూ తప్పినవే. అయిదు లూపులు తిరగాల్సింది కంగారులో ఆరు తిరిగాను. ఎక్కువ తిరిగితే ఎవరూ ఏమీ అనరు. తక్కువ తిరిగితే మాత్రం అంతర్జాతీయ నిబంధనల్లో లూపుకి రెండు నిమిషాల జరిమానా. అందుకే ఇప్పటికీ నా ఎడమ చేతి వేళ్ళు ఒక్కొక్కటి మడుస్తూ తిరుగుతాను, సంధ్యావందనంలో జపం లెక్కపెట్టినట్టు.

జెరికో రేంజ్ గురించి రెండు మాటలు. అది వెర్మాంట్ నేషనల్ గార్డ్ శిక్షణ స్థలంలో ఉంది, సైన్యం వాళ్ళ మౌంటెన్ వార్‌ఫేర్ స్కూల్ కూడా ఆ ఆవరణలోదే. కాబట్టి గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోండి, పౌరసత్వం లేనివాళ్ళకి ఇంకేమైనా కాగితాలు కావాలేమో ముందే నిర్వాహకులకి రాసి కనుక్కోండి. ఇదే జెరికోలో 1885లో విల్సన్ బెంట్లీ అనే రైతు మైక్రోస్కోప్‌కి కెమెరా తగిలించి ఒక్కో మంచు రేకునీ విడిగా ఫొటో తీశాడు. మీ అమ్మాయికి ఈ కథ చెప్పండి, కారులో దారి తొందరగా గడుస్తుంది.

కొత్తవాళ్ళని సేఫ్టీ క్లినిక్ (జాగ్రత్తల పాఠం) అవ్వకుండా రేసులోకి రానివ్వరు. ఆ పూట బోరు కొడుతుంది, అయినా శ్రద్ధగా వినండి. రైఫిల్ గొట్టం ఎప్పుడూ టార్గెట్ల వైపో ఆకాశం వైపో. మ్యాట్ మీదికి వచ్చి గొట్టం టార్గెట్ల వైపు పెట్టాకే మ్యాగజైన్ (తూటాల డబ్బీ) పెట్టడం. కాల్చనప్పుడు బోల్ట్ (తూటాని లోపలికి తోసే కడ్డీ) తెరిచి, చాంబర్‌లో, అంటే తూటా కూర్చునే చోట, రంగు ప్లాస్టిక్ ఫ్లాగ్. కాల్చడం అయ్యాక తీసిన మ్యాగజైన్లోనూ చాంబర్లోనూ ఏమీ మిగల్లేదని కళ్ళతో చూడటం. అలసటలో మనిషి మొదట మరిచిపోయేది ఈ చివరిదే. నేను వాలంటీర్‌గా నిలబడ్డ రోజుల్లో ఎక్కువసార్లు అరిచింది కూడా దీనికే. గొట్టం పక్కకి తిప్పినవాణ్ణి ఎంత పెద్ద ఆటగాడైనా రేసులోంచి తీసేస్తారు, బతిమాలడాలు ఉండవు.

ఎన్‌సీసీలో మీరు పట్టుకున్నది .22 డీలక్స్ అయ్యుంటుంది. ఇక్కడా తూటా అదే .22, రైఫిల్ వేరు. టెలిస్కోప్ ఉండదు, రెండు సన్నని రంధ్రాల్లోంచి చూడటమే, వాటినే సైట్ అంటారు. రైఫిల్ బరువు 3.5 కిలోలకి తగ్గకూడదు, ట్రిగ్గర్ నొక్కడానికి కనీసం 500 గ్రాముల ఒత్తిడి పట్టాలి. మంచి బయాథ్లాన్ రైఫిల్లో బోల్ట్‌ని వేలితో వెనక్కి లాగి బొటనవేలితో ముందుకి తోస్తే చాలు, భుజం మీంచి కదపక్కర్లేదు. క్యాంపులో సుబేదార్ గారు గ్రూపింగ్ గ్రూపింగ్ అని అరిచింది గుర్తుందా? ఇక్కడ కూడా మొదటి నెలంతా అదే పని. అయిదు తూటాలూ ఒకే చోట పడాలి, అది ఎక్కడైనా సరే. గ్రూప్ వచ్చాక సైట్‌ని జరిపే మరల్ని, అంటే క్లిక్కులు, తిప్పి దాన్ని మధ్యకి తెచ్చుకోవడం నిమిషం పని. దాన్నే జీరో చెయ్యడం అంటారు. గ్రూప్ రాకుండా క్లిక్కులు తిప్పేవాడు జ్వరం ఉందని థర్మామీటర్ని దులిపేవాడితో సమానం.

టార్గెట్ల విషయంలో ఒక తిరకాసు ఉంది. నిలబడి కాల్చేటప్పుడు 115 మిల్లీమీటర్ల వెడల్పున్న నల్ల చుక్క అంతా మీదే, అంటే పూరీ అంత. పడుకుని కాల్చేటప్పుడు కూడా కంటికి కనిపించేది ఆ పూరీయే, కానీ లెక్కకి వచ్చేది మధ్యలో 45 మిల్లీమీటర్లు, నిమ్మకాయంత. నలుపు అంచుకి తగిలితే ఠంగుమని చప్పుడొస్తుంది, టార్గెట్ మాత్రం పడదు. కొత్తవాళ్ళు ఆ చప్పుడు విని తగిలిందనుకుని లేచి వెళ్ళిపోతారు. తెల్ల మూత వచ్చి నలుపుని కప్పిందా లేదా కళ్ళతో చూసుకోండి.

పడుకుని కాల్చేటప్పుడు ఎడమ దండకి స్లింగ్ అనే పట్టీ తగిలిస్తారు, అదే రైఫిల్ బరువు మోస్తుంది. కొత్తవాళ్ళు దాన్ని బిర్రుగా, కండ మీద సరిగ్గా రక్తనాళం కొట్టుకునే చోట కడతారు. నాడి స్లింగ్‌లోంచి రైఫిల్‌కి ఎక్కి, సైట్‌లో టార్గెట్ పైకీ కిందికీ గెంతుతుంది. అది చూసి ‘నా గుండె చాలా వేగంగా కొట్టుకుంటోంది, ఇది నా వల్ల కాదు’ అనుకుంటారు. పట్టీని కొంచెం పైకి, బయటి వైపుకి జరిపి చూడండి. గుండె అదే వేగంతో కొట్టుకుంటున్నా గెంతడం చాలావరకు తగ్గుతుంది.

అసలు గుండె వేగం గురించి అందరికీ ఉన్న టెన్షన్‌లో సగం అనవసరం. కాల్చేముందు 80కి తగ్గాలని ఎవరూ ఆశించరు. తగ్గించుకోవాల్సింది ఊపిరిని. రేంజికి వంద, నూట యాభై మీటర్ల ముందు ఒక మెట్టు నెమ్మదించండి, మాట్లాడితే మూడు నాలుగు మాటలు ఒకేసారి అనగలిగేంత. మ్యాట్ మీద రెండు మూడు నిండు ఊపిర్లు. తరవాత సగం వదిలి ఆపి, రెండు మూడు సెకన్లలో ట్రిగ్గర్ నొక్కాలి. ఆ లోపల కుదరకపోతే మళ్ళీ ఊపిరి తీసుకోండి. ఆపిన ఊపిరితో అయిదారు సెకన్లు దాటితే చూపు మసకబారుతుంది, తరవాత వేలు తనంతట తనే గుంజేస్తుంది. వేగంగా వచ్చి ఆగలేక మ్యాట్ మీద కూలబడ్డ ప్రతివాడూ మొదటి తూటా వృథా చేస్తాడు. నా పాత రేసులు తిరగేసి చూస్తే నేను తప్పినవాటిలో మొదటి తూటావే ఎక్కువ.

ఇక్కడ ఒక లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే పరుగు నుంచి వచ్చేవాళ్ళు తొందరపడేది ఇక్కడే. ప్రపంచ స్థాయి ఆటగాళ్ళకి స్కీల మీద 150 మీటర్ల లూపు పాతిక సెకన్ల లోపు. మనకి 50 సెకన్లు, ఎత్తుపల్లాలు ఉంటే నిమిషం. మ్యాట్ మీద తూటాకి నాలుగు సెకన్లు అదనంగా తీసుకుంటే అయిదిటికీ 20 సెకన్లు. దాంతో ఒక్క టార్గెట్ ఎక్కువ పడినా అరనిమిషం లాభం. అంటే చలికాలంలో కొత్తవాడు నెమ్మదిగా కాల్చడమే వేగం. వేసవి పరుగు రేసుల్లో ఈ లెక్క మారుతుంది. అక్కడ లూపు చాలా చిన్నది పెడతారు, మీలాంటి పరుగువాడికి ఇరవై ముప్పై సెకన్లలో అయిపోతుంది. కాబట్టి వేసవిలో నాలుగు తప్పి కూడా ముందు వరసలో రావచ్చు. వచ్చి, ఆ ఫలితం చూసి మోసపోవచ్చు కూడా. నా స్నేహితుడొకడు ఆగస్టులో రెండో స్థానం తెచ్చుకుని జనవరిలో చివరినుంచి రెండో స్థానానికి వచ్చాడు. వేసవిలో మీరు నోట్ చేసుకోవాల్సిన అంకె స్థానం కాదు, పదికి ఎన్ని పడ్డాయన్నది. పడుకుని అయిదుకి నాలుగు నిలకడగా వస్తుంటే మంచు కోసం మీరు సిద్ధం.

1960లో స్క్వా వ్యాలీ ఒలింపిక్స్‌లో బయాథ్లాన్ మొదటిసారి పెట్టినప్పుడు స్వీడన్ ఆటగాడు క్లాస్ లెస్టాండర్ స్కీ వేగంలో చాలా వెనక ఉండి కూడా 20కి 20 కొట్టి బంగారు పతకం పట్టుకుపోయాడు. అందరికంటే వేగంగా స్కీ చేసిన ఫ్రాన్స్ ఆటగాడు 20లో 18 తప్పాడు. మా రేంజిలో కొత్తగా వచ్చిన పరుగువాళ్ళందరికీ నేను ఈ కథ చెప్తుంటాను, రెండో వారానికి అందరూ మరిచిపోతారు.

వారంలో ఎంత సాధన అని అడిగారు. మీ పరుగు మీకుంది, దాన్ని పెద్దగా మార్చకండి. ఒక పొడుగు పరుగు, ఒక వేగం రోజు చాలు. వేగం రోజుని వీలైతే రేంజిలో చెయ్యండి: అయిదారు వందల మీటర్లు గట్టిగా పరిగెత్తి రావడం, పడుకుని అయిదు కాల్చడం, మళ్ళీ పరుగు, ఇలా ఆరేడుసార్లు. వీటన్నిటికన్నా ముఖ్యం ఖాళీ సాధన. తూటా లేకుండా, గోడ మీద పెన్నుతో పెట్టిన చుక్క వైపు గురిపెట్టి, ఊపిరి, ట్రిగ్గర్, బోల్ట్, మళ్ళీ ఊపిరి. రోజుకి పదిహేను నిమిషాలు, వారానికి నాలుగు రోజులు. రైఫిల్ ఇంటికి తెచ్చుకోలేని మీ పరిస్థితిలో కర్రతో చేసినా భంగిమ వస్తుంది. నిజంగానే చెప్తున్నాను, నేను రెండేళ్ళు చీపురు కర్రకి రెండు నీళ్ళ సీసాలు కట్టి నిలబడే భంగిమ నేర్చుకున్నాను. నిలబడినప్పుడు ఎడమ మోచెయ్యి తుంటి మీద ఆనాలి, తుంటి టార్గెట్ వైపు ముందుకి జరగాలి, బరువుని ఎముకలు మొయ్యాలి గానీ కండరాలు కాదు. మొదటి వేసవి చాలాచోట్ల కొత్తవాళ్ళని రెండుసార్లూ పడుకునే కాల్చనిస్తారు. నామోషీ అనుకోకుండా ఒప్పుకోండి.

గాలి సంగతి మొదట్లో పట్టించుకోనక్కర్లేదంటారు కొందరు, నేను ఒప్పుకోను. గంటకి 16 కిలోమీటర్ల అడ్డగాలి 50 మీటర్లలో .22 తూటాని దాదాపు ఒక అంగుళం పక్కకి నెడుతుంది. నిమ్మకాయ మధ్యలో పెట్టిన గురి అంచుకి పోయినట్టే. రేంజిలో చిన్న జెండాలు కడతారు. జీరో చేసినప్పుడు జెండా ఎలా ఉందో గుర్తుపెట్టుకోండి, రేసులో మ్యాట్ మీదికి వచ్చేటప్పుడు ఒకసారి చూడండి. అదే తీరులో ఉంటే కాల్చండి. వేరుగా ఉంటే రెండు ఊపిర్లు ఆగండి. క్లిక్కులు తిప్పడం రెండో ఏడాదికి.

ఆగస్టు నుంచి రోలర్ స్కీలు. వాటికి మామూలుగా బ్రేకులు ఉండవు, ముందే తెలుసుకోండి. మొదటి రెండు వారాలు ఖాళీ పార్కింగ్ స్థలంలో, చదునుగా ఉన్నచోట. హెల్మెట్, మోచేతులకీ మోకాళ్ళకీ ప్యాడ్‌లు. దిగుడు కనిపిస్తే స్కీలు విప్పి చేత్తో పట్టుకుని నడవండి, ఎవరూ నవ్వరు, నవ్వితే నవ్వనీయండి. అక్టోబర్లో ఇక్కడ ఆకులు రాలతాయి. తడిసిన మేపుల్ ఆకు మీద చక్రం అరటి తొక్క మీద కాలే. నా కుడి ముంజేతి మీద మచ్చ అలాంటి ఒక ఆదివారానిది.

ఇక చలికాలం. బయాథ్లాన్‌లో వాడేది స్కేటింగ్ పద్ధతి, అంటే స్కీల్ని ఆంగ్ల అక్షరం వీ లాగా పెట్టి తోసుకుంటూ పోవడం. అందులో రెండు వస్తే మొదటి ఏడాదికి చాలు. ఎక్కుడులో రెండు అడుగులకి ఒకసారి పోల్స్ (చేతికర్రలు) పొడవడం, చదునులో ప్రతి అడుగుకీ పొడవడం. మీ ఊపిరితిత్తులు హాఫ్ మారథాన్‌వి కాబట్టి బలంతో లాగేద్దామనిపిస్తుంది. లాగితే పది నిమిషాల్లో అయిపోతారు. ఒక స్కీ మీద నిలబడి జారడం వచ్చేదాకా రేసు మాట ఎత్తకండి. నా లెక్కన పది పన్నెండు సెషన్లు పడుతుంది. నవంబర్లో మంచు లేదని నిరాశ వద్దు, ఉత్తరాన క్రాఫ్ట్స్‌బరీలో యంత్రాలతో మంచు చేస్తారు. 2019లో వాళ్ళు ఒక పెద్ద మంచు కుప్పని చెక్క పొట్టు కప్పి వేసవంతా పూర్తిగా కరిగిపోకుండా నిలబెట్టారు. మన ఊళ్ళలో ఐసు దిమ్మలకి ఊక కప్పినట్టే. నాకైతే ఆ వార్త చదివి తాడేపల్లిగూడెం గోలీసోడా బండి గుర్తొచ్చింది.

స్కీల అడుగున రాసే వ్యాక్స్ గురించి దుకాణాల్లో పెద్ద పురాణం చెప్తారు. ఫ్లోరిన్ ఉన్న వ్యాక్సులు 2023–24 సీజన్ నుంచి అంతర్జాతీయ పోటీల్లో నిషేధం, ఇంట్లో పాతవి ఉన్నాయని ఎవరైనా ఇస్తే తీసుకోకండి. ఆ రోజు ఉష్ణోగ్రతకి సరిపోయే మామూలు గ్లైడ్ వ్యాక్స్ చాలు.

చలి గురి మీద చేసే పని మాత్రం నిజం. తూటా వేగం తగ్గి గ్రూప్ కిందికి దిగుతుంది, అందుకే జీరో ఆ రోజు ఆ చలిలోనే చెయ్యాలి, నిన్నటి క్లిక్కులు నమ్మకూడదు. వెచ్చటి గదిలోకి తెచ్చిన చల్లని రైఫిల్‌కి చెమట పడుతుంది. దాన్ని తుడవకుండా మళ్ళీ బయటికి తీసుకెళ్తే ఆ నీరు బోల్ట్‌లో గడ్డకడుతుంది. రేసు అయ్యేదాకా రైఫిల్ని బయటే ఉంచండి. కుడి చేతికి పల్చటి గ్లవ్, దాని మీద తీసి పారెయ్యగలిగే మందపాటిది. మైనస్ 20 డిగ్రీల కిందికి దిగితే అంతర్జాతీయ రేసులు మొదలుపెట్టరు. మీరు దానికి చాలా ముందే ఇంట్లో ఉండిపోయినా తప్పులేదు.

కొత్తవాళ్ళ రైఫిల్ చాలాచోట్ల రేంజిలోనే ర్యాక్ మీద ఉంటుంది, వీపున మొయ్యక్కర్లేదు. ఎప్పుడో మోసే రోజు వచ్చాక ఒకటి గుర్తుంచుకోండి. పడి లేచాక గొట్టంలోకి గానీ సైట్‌లోకి గానీ మంచు దూరిందేమో చూడాలి. గొట్టంలో మంచు ఇరుక్కుంటే కాల్చకూడదు. చెయ్యెత్తి రేంజ్ ఆఫీసర్‌ని పిలవాలి. ఆ రేసు పోతే పోయింది.

అమ్మాయి విషయం. పన్నెండేళ్ళు మంచి వయసు. పిల్లలకి చాలాచోట్ల రైఫిల్‌కి ముందు స్టాండ్ పెట్టి కాల్చనిస్తారు, మొయ్యనివ్వరు. మీకన్నా త్వరగా నేర్చుకుంటుంది, స్కీలు మరీనూ. మీరు చెయ్యాల్సిందల్లా ఆమె కాల్చేటప్పుడు వెనక నిలబడి ‘పైకి, ఎడమకి’ అని తెలుగులో అరవకుండా ఉండటం. నేను మా వాడికి అలా అరిచి, వాడు రైఫిల్ దించి ‘నాన్నా, ప్లీజ్’ అనడం రేంజి అంతా విన్నది.

రైఫిల్ ఎందుకు కొనొద్దన్నానంటే, మీ వీసా సంగతి అటుంచినా, కొత్త బయాథ్లాన్ రైఫిల్ వేల డాలర్లు. కర్ర భాగం మనిషి కొలతకి చెక్కించుకోవాలి, మొదటి ఏడాది మీ భంగిమే స్థిరంగా ఉండదు. క్లబ్బు రైఫిల్‌తో ఒక వేసవి, ఒక చలికాలం గడపండి. తూటాలకి మాత్రం పొదుపు చెయ్యకండి, ఒకే రకం వాడండి. రకం మారితే జీరో మారుతుంది.

తూటాలంటే గుర్తొచ్చింది. రేంజికి వేసుకొచ్చే జాకెట్‌నీ బ్యాగునీ ఇండియా ప్రయాణానికి వాడకండి. జేబు మూలలో ఒక్క .22 తూటా మిగిలిపోతే మన ఎయిర్‌పోర్టులో ఆయుధాల చట్టం కింద కేసు. తెలియక జరిగిందని చివరికి తేలినా, ఆ మధ్యలో సెలవంతా పోలీస్ స్టేషన్, కోర్టు చుట్టూ తిరగడమే. నాకు రేంజి కోసం విడిగా ఒక ఆకుపచ్చ బ్యాగు ఉంది, దాన్ని గ్యారేజ్ దాటి ఇంట్లోకి రానివ్వం.

క్లినిక్‌కి వచ్చేముందు ఇంట్లో ఒక పని చెయ్యండి. రెండు చేతులూ చాపి, అరచేతుల మధ్య రూపాయి బిళ్ళంత సందు ఉంచి, ఆ సందులోంచి ఎదురుగా గోడ గడియారాన్ని చూడండి. ఒక్కో కన్నూ మూసి చూడండి. ఏ కన్ను మూస్తే గడియారం మాయమవుతుందో అది మీ గురి కన్ను. కుడిచేతి వాటం ఉన్నా ఎడమ కన్ను గురి కన్ను అయినవాళ్ళు చాలామంది ఉంటారు. నేనూ ఆ బాపతే, అది తెలియకే మొదటి రేసులో పక్క లేన్‌ని పడగొట్టానని ఇప్పటికీ మా వాలంటీర్‌తో వాదిస్తుంటాను. ఎడమ కన్ను అని తేలితే నిర్వాహకులకి ముందే రాయండి, ఎడమచేతి రైఫిళ్ళు క్లబ్బుల దగ్గర తక్కువ ఉంటాయి. అమ్మాయిది కూడా చూడండి.